సొరుగులో పడుకున్న సెలవు

రూలు తెలియక చేసిన తప్పయితే చెప్పుకోవడానికి ఇంత సిగ్గుండేది కాదు. జీవో కాపీ నా సొరుగులోనే ఉంది. 2016 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన 209 నంబరు జీవో అది. మహిళా ఉద్యోగులకు సర్వీసు మొత్తంలో 90 రోజుల శిశు సంరక్షణ సెలవు (సీసీఎల్), విడతకు 15 రోజులు మించకుండా, పిల్లలకు 18 ఏళ్లొచ్చేదాకా. జబ్బుకైనా, పరీక్షలకైనా వాడుకోవచ్చు. మా లెక్కల టీచరు పెట్టుకున్న అర్జీ కూడా దాని కిందే పడుకుంది.

ఇబ్రహీంపట్నం మండలంలో ఒక హైస్కూలుకు హెచ్చెమ్‌ని నేను. ఆమె రోజూ వనస్థలిపురం నుంచి సాగర్ రోడ్డు బస్సెక్కి, దిగాక ఆటో పట్టుకుని వచ్చేది. కొడుక్కి టైఫాయిడ్, ఇంట్లో చూసేవాళ్లు లేరు, పదిహేను రోజులు కావాలంది. "టెన్త్ పరీక్షలు నెత్తి మీదుంటే సెలవేందమ్మా? మేం కనలేదా, పెంచలేదా?" అన్నాను. మా రోజుల్లో ప్రసూతి సెలవు 120 రోజులే. 180 అయింది 2010లో. నెలల పిల్లను ఇంట్లో వదిలి, పాలు గడ్డకట్టిన నొప్పితో పాఠం చెప్పినదాన్ని. ఆ బాధ నాకేదో బీఈడీ సర్టిఫికెట్‌లా తోచింది, కొత్తగా వచ్చినవాళ్లూ తెచ్చి చూపించాలన్నట్టు.

రౌండ్స్‌కి వెళ్తే ఆమె ఫోను చాక్‌పీసుల డబ్బాకు ఆనించి ఉంది. త్రికోణమితి లెక్కలో సైన్ బదులు కాస్ రాసింది. ముందు బెంచీ పిల్ల చెబితే చెరిపి, మళ్లీ కాసే రాసింది. నాకు కనబడింది ఫోను ఒక్కటే. పిల్లల ముందే మందలించాను.

అంతకన్నా తెలివితక్కువ పని, అదే వారం స్టాఫ్ రూములో మా అమ్మాయి కంపెనీ గొప్పలు చెప్పడం. ఆఫీసులోనే పసిపిల్లలకు క్రెష్ ఉందని, 2017 చట్ట సవరణతో 50 మంది పనిచేసే చోటల్లా పెట్టి తీరాలని. 14 మంది స్టాఫున్న మా బడికి ఆ 50 ఏనాటికొస్తుంది? మాకున్నదల్లా ఆ సెలవూ, దాని మీద నా సంతకమూ. హిందీ పండిత్ గారొక్కరే, "అదృష్టవంతురాలు మేడం, మీ అమ్మాయి" అన్నారు. పొగడ్తనుకుని అందరికీ టీ తెప్పించాను.

సోమవారం నుంచి లెక్కల టీచరు మెడికల్ లీవు పెట్టింది. నెల రోజులు. డాక్టరు సర్టిఫికెట్ పక్కాగా ఉంది, ఆపే దారి లేదు. పదిహేను రోజులు మిగుల్చుకోబోయి నెల పోగొట్టుకుని, లెక్కలు కూడా చెప్పమని ఫిజిక్స్ సారును బతిమాలుకున్నాను. బదిలీల షెడ్యూలు రాగానే మొదటి దరఖాస్తు ఆమెదే. బడి నచ్చక కాదు, పోయేరోజు టెన్త్ పిల్లల్ని పట్టుకుని ఏడ్చింది. నాకు మాత్రం దూరం నుంచే నమస్తే.

మొన్న బయాలజీ టీచరును నేనే పిలిచి, "పాప ఇంటర్ పరీక్షలు కదా, సీసీఎల్ పెట్టుకోమ్మా" అన్నాను. ఆమె అనుమానంగా చూసి, "ఏం మేడం, ఇన్‌స్పెక్షన్ ఏమన్నా ఉందా?" అంది.