మా రోజుల్లో బోటు ప్లగ్ దగ్గర పుట్టేది

మా రోజుల్లో రేడియో బోటు కావాలంటే ముందు చెక్క వెతుక్కోవాలి. ఇప్పుడు ఫోను చాలు. తయారైన హల్, అంటే బోటు డొల్ల, అట్టపెట్టెలో ఇంటికే వస్తుంది. మోటారు బిగించి, బ్యాటరీ పెట్టి, సాయంత్రానికి చెరువులో వదిలేసి ‘నేను చేసిన బోటు’ అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. చేసింది ఎవరో, ఎక్కడో! నువ్వు బిగించావు, అంతే.

విశాఖపట్నంలో ఎన్‌సీసీ నేవల్ వింగ్ పిల్లలకు షిప్ మోడలింగ్ నేర్పిన తరం మాది. నౌసైనిక్ క్యాంపులో అది పోటీ అంశం. పోటీకి వెళ్లే క్యాడెట్ చేతికి ముందు ఇచ్చేది ఉప్పు కాగితమే, రిమోట్ కాదు.

డ్రాయింగులో ఒక్కో స్టేషన్ దగ్గరి అడ్డకోతను ప్లైవుడ్ మీదకు ఎక్కించి, కోసి, వరసగా నిలబెట్టేవాళ్లం. వాటి మీద సన్నటి చెక్క పట్టీలు అతికించి, సందుల్లో పుట్టీ నింపి, 120 నంబరు కాగితంతో మొదలుపెట్టి 1200 వాటర్ పేపర్ దాకా రుద్దేవాళ్లం. రాత్రిపూట దీపం పక్కగా పెడితే పగలు కనబడని గుంటలన్నీ నీడలై బయటపడేవి. కళ్లు మూసుకుని అణియం నుంచి అమరం దాకా అరచెయ్యి జార్చాలి. చెయ్యి తట్టుకున్న చోట మళ్లీ రుద్దాలి. ఇలా నునుపు చేసిన చెక్క నమూనానే ప్లగ్ అంటాం, దాని మీద తీసే అచ్చు మోల్డ్. ప్లగ్ మీద మిగిలిన వంకర మోల్డ్‌లోకి దిగుతుంది, ఆ మోల్డ్‌లోంచి వచ్చే ప్రతి హల్‌కీ పాకుతుంది. బోటు నీటిని ఎలా చీల్చుకుపోతుందో అక్కడే తేలిపోతుంది. తర్వాత ఎంత ఖరీదైన మోటారు పెట్టినా ఆ వంకర పోదు.

ఫైబర్ పని మాకు చేపల బోట్లు చేసేవాళ్ల దగ్గర అబ్బింది. పాలిస్టర్ రెసిన్‌లో ముందు కోబాల్ట్ కలిపి, బాగా తిప్పాక, క్యాటలిస్ట్ వేయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే ప్రమాదం, పేలుతుంది కూడా. ఈ ముక్క నోటికి రానివాణ్ణి రెసిన్ డబ్బా ముట్టుకోనిచ్చేవాళ్లం కాదు. ముక్కల గ్లాసు పోగులతో చేసిన మ్యాట్ తన బరువుకు రెండింతల రెసిన్ తాగుతుంది, నేసిన గ్లాస్ క్లాత్ దాదాపు తన బరువంతే తాగుతుంది. అందుకే చిన్న బోటుకు క్లాతే వాడాలని పట్టుబట్టేవాళ్లం.

ఇప్పుడు ఎపాక్సీ వచ్చింది. పాలిస్టర్ కన్నా తక్కువ ముడుచుకుంటుంది, గట్టిగా పట్టుకుంటుంది, స్టైరీన్ ఘాటు ఉండదు. వాక్యూమ్ బ్యాగ్ పెడితే ఎక్కువైన రెసిన్ బయటికి పోయి హల్ తేలికవుతుంది. ఇవి మంచి మార్పులే, కాదనను. నా గొడవల్లా వాటిని వాడే తీరు మీద. పాలిస్టర్‌కు వేసే క్యాటలిస్ట్ నూటికి ఒకటి రెండు పాళ్లు. ఎండను బట్టి కాస్త తగ్గించవచ్చు, పెంచవచ్చు. ఎపాక్సీ హార్డెనర్ అలాంటిది కాదు, గట్టిపడే పదార్థంలో అదీ ఒక భాగమే. మన దగ్గర ఎక్కువగా దొరికే ఎల్‌వై 556 ఎపాక్సీ రెసిన్‌కు హెచ్‌వై 951 హార్డెనర్ వంద గ్రాములకు పది గ్రాములు. తొందరగా గట్టిపడాలని ఇంకాస్త పోస్తే మిగిలిపోయిన హార్డెనర్ హల్‌ను మెత్తబరుస్తుంది. తక్కెడ పక్కనే ఉన్నా కంటి అంచనాతో పోసేవాళ్లను రోజూ చూస్తున్నాను. వానాకాలం తేమకు ఎపాక్సీ మీద జిడ్డుపొర కడుతుంది. నీళ్లతో కడక్కుండా రెండో పూత వేస్తే అది పొరలుగా ఊడొస్తుంది. చేతులకు గ్లవ్స్ ఉండవు, గ్లాస్ పొడి లేస్తున్నా ముక్కుకు మాస్కు ఉండదు.

ఇక కార్బన్ మోజు. నల్లగా మెరిస్తే గొప్ప బోటనుకుంటారు. 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలను కార్బన్ అడ్డుకుంటుంది. యాంటెన్నా హల్ లోపలే ఉంచితే చెరువు మధ్యలో సిగ్నల్ పోతుంది. ప్రపంచమంతా పోటీపడే ఐఓఎం (ఇంటర్నేషనల్ వన్ మీటర్) రేడియో తెరచాప బోట్ల తరగతిలో హల్‌కు కార్బన్ నిషేధం. బోటు బరువు నాలుగు కిలోలకు తగ్గకూడదు. అంత పెద్ద పోటీ గ్లాసుతోనూ చెక్కతోనూ నడుస్తుంటే, మన పిల్లలు కార్బన్ లేనిదే బోటు లేదంటున్నారు.

3డీ ప్రింటర్‌తో ప్లగ్ తీసేవాళ్లూ వచ్చారు. తియ్యండి. కాని ఆ పొరల గీతల మీద పుట్టీ పట్టి రుద్దే ఓపిక ఏది? పైగా పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మూసిన కారులో మన ఎండకు వదిలేసినా, మందంగా వేసిన రెసిన్ వేడెక్కినా, అది వంగిపోతుంది. చెక్కకు ఆ బాధ లేదు.

కొన్న హల్ గోడకు గుద్దుకుని పగిలితే ఇప్పటి కుర్రవాడు ఇంకోటి కొంటాడు. క్లాత్ వేసిన చేతికి ఎక్కడ ఎన్ని పొరలున్నాయో తెలుసు కాబట్టి మేం అతుకు వేసేవాళ్లం. ఆ జ్ఞానం అట్టపెట్టెలో రాదు. అందుకే చెబుతున్నాను బాబూ, మొదటి బోటు కొంటే కొన్నావు, రెండోది కొనకు. అరమీటరు పొడవు చాలు, ఒక్క ప్లగ్ నీ చేత్తో చెయ్యి. దాని మీద మోల్డ్ తీసి, తూచి రెసిన్ కలిపి, హల్ వేసుకో. అప్పుడు ‘నేను చేసిన బోటు’ అను, నేనూ ఒప్పుకుంటాను.