గ్రహాంతరవాసీ, గోల్ఫ్ ఆడొస్తావా!

విశ్వంలో తెలివైన జీవులు ఇంకెక్కడైనా ఉన్నారా అన్న చర్చ ఎక్కడ మొదలైనా చివరికి ఒక అచ్చుకాగితం దగ్గరకే వచ్చి ఆగుతుంది. 1977 ఆగస్టు 15న అమెరికాలోని ఒహాయోలో ‘బిగ్ ఇయర్’ రేడియో టెలిస్కోపుకు ధనుస్సు రాశి వైపు నుంచి 72 సెకన్ల పాటు బలమైన సంకేతం అందింది. కొద్దిరోజుల తరవాత ఆ టెలిస్కోపు అచ్చుకాగితాలు తిరగేస్తున్న ఖగోళ శాస్త్రవేత్త జెర్రీ ఎహ్మన్ ఆరు గుర్తుల చుట్టూ ఎర్ర సిరాతో గీసి, పక్కన ‘వావ్!’ అని రాశారు. తరవాత ఎంత వెతికినా అది మళ్లీ వినపడలేదు. విశ్వం నోరు విప్పిందో లేదో తేలకముందే 1983లో టెలిస్కోపు ఉన్న స్థలం అమ్ముడుపోయింది. 1998లో టెలిస్కోపునే కూలగొట్టారు. పక్కనున్న గోల్ఫ్ మైదానానికి జాగా చాలలేదు మరి!

మనం పంపిన కబురుదీ అదే కథ. 1974లో ప్యూర్టోరికోలోని అరెసిబో టెలిస్కోపు నుంచి ఎం13 నక్షత్ర గుచ్ఛానికి సందేశం బయల్దేరింది. చేరడానికి సుమారు 25,000 ఏళ్లు, జవాబుకు మరో అంత. పంపిందెవరో తెలియాలని అందులో టెలిస్కోపు బొమ్మ కూడా పెట్టారు. ఆ టెలిస్కోపు 2020 డిసెంబరులో కుప్పకూలింది. సందేశం అప్పటికి దాటింది 46 కాంతి సంవత్సరాలు.