టీకి మూత్రనాళ ఇన్ఫెక్షన్

2007 మార్చిలో చైనాలోని హాంగ్‌జౌ నగరంలో కొందరు విలేకరులు పది ఆసుపత్రులకు వెళ్ళి, మూత్రపరీక్ష డబ్బాల్లో టీ పోసి ఇచ్చారు. హాంగ్‌జౌ అంటే పేరుమోసిన లాంగ్‌జింగ్ టీకి పుట్టినిల్లు. ఆ ఊళ్ళో టీకి వంక పెట్టే సాహసం ఎవరూ చేయరనుకుంటాం. పదిలో ఆరు ఆసుపత్రులు మాత్రం మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ ఉందని తేల్చాయి. ఐదు ఆసుపత్రులు మందులు కూడా రాశాయి, వాటి ఖరీదు 400 యువాన్ల దాకా వెళ్ళింది. ఇది చదవగానే ‘దొంగ ల్యాబులు’ అనేసి పేపరు మడిచేయడం తేలిక. కానీ మూత్రం పరీక్షించే మెషీన్ తరఫున కూడా ఎవరో ఒకరు వకాల్తా పుచ్చుకోవాలి కదా. డబ్బాలో ఉన్నది మూత్రమా కాదా అని దాన్నెవరూ అడగలేదు. మూత్రమేనని ముందే ఒప్పించి, అందులో తేడా ఏముందో చెప్పమన్నారు. రంగు చూసి, రేణువులు లెక్కపెట్టి అది చెప్పింది. తప్పు ప్రశ్నకు కూడా ఠంచనుగా జవాబిచ్చేదాన్నే మనం మంచి మెషీన్ అంటాం. అసలు ప్రశ్నే లేకుండా పరీక్ష చేయించినా అది మౌనంగా ఉండదు, ఏదో ఒకటి అచ్చు వేసి ఇస్తుంది. ఆపరేషన్ ముందు జరిగే తమాషాల్లో చాలా మటుకు ఇక్కడ పుట్టేవే.

మన ఊళ్ళలో ఆపరేషన్ ముందు చేయించే పరీక్షల చిట్టాకు ‘సర్జికల్ ప్రొఫైల్’ అని ఒక ముద్దుపేరుంది. రక్తకణాల లెక్క, షుగరు, క్రియాటినిన్, రక్తం ఆగడానికీ గడ్డకట్టడానికీ పట్టే సమయం చూసే బీటీ సీటీ, హెచ్ఐవీ, హెపటైటిస్, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, వీలుంటే టూడీ ఎకో, ఆ తర్వాత గుండె డాక్టరుగారి ఫిట్‌నెస్ సంతకం. కంటి శుక్లానికి వచ్చినా, హెర్నియాకు వచ్చినా చిట్టా దాదాపు ఒకటే. పెళ్ళిచూపులకు ముందే జాతకం తెప్పించుకున్నట్టు, మనిషి మొహం చూడకముందే రిపోర్టు చూస్తారు. జాతకాల్లో మాదిరే ఇక్కడా ఎక్కడో ఒక దోషం తగలక మానదు. దానికి గ్రహాలతో పనిలేదు, మామూలు లెక్క చాలు. చాలా పరీక్షల్లో ‘నార్మల్’ హద్దులు గీసే పద్ధతేమిటంటే, ఆరోగ్యంగా ఉన్న వందమందిని పరీక్షించి, మధ్యలో పడిన 95 మందిని నార్మల్ అంటారు. మిగతా ఐదుగురు ఏ జబ్బూ లేకుండానే హద్దు దాటినవాళ్ళు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయిస్తే, నిక్షేపంలాంటి మనిషికి కూడా కనీసం ఒక అంకె హద్దు దాటి బోల్డు అక్షరాల్లో పడే అవకాశం సుమారు 64 శాతం. అంటే పూర్తిగా ఆరోగ్యంగా ఉన్నాడని తేలేవాడే మైనారిటీ. ఇంకో పది పరీక్షలు కలిపితే ఆ మైనారిటీ ఇంకా కరుగుతుంది.

ఇదంతా పరీక్ష సక్రమంగా జరిగినప్పటి సంగతి. చేతులు మారితే కథ ఇంకా రంజుగా ఉంటుంది. ఈసీజీ తీసేటప్పుడు కుడిచేతి వైరు ఎడమచేతికి, ఎడమచేతిది కుడిచేతికి తగిలిస్తే కాగితం మీద గుండె కుడివైపుకు కాపురం మార్చేస్తుంది. నిజంగా కుడివైపు గుండె ఉంటే ఛాతీ మీది లీడ్లలో కూడా తేడా కనబడాలి, ఇక్కడ అవి మామూలుగా ఉంటాయి. ఆ రెండో చూపు చూసే తీరిక ఉంటే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది, లేకపోతే ఎకోకు రాస్తారు. ఇక ఊదారంగు మూత ఉన్న ట్యూబు సంగతి. రక్తం గడ్డకట్టకుండా అందులో పొటాషియం కలిసిన ఈడీటీఏ అనే లవణం ఉంటుంది, అది రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. శాంపిల్ చాలలేదని ఎవరైనా అందులోంచి కాస్త వేరే ట్యూబులో వొంపితే, రిపోర్టులో పొటాషియం ఆకాశాన్నంటుతుంది, కాల్షియం పాతాళానికి పోతుంది. ఆ అంకెల ప్రకారం మనిషి బతికుండకూడదు. ఆయనేమో బెంచీ మీద కూర్చుని, పరగడుపున ఎంతసేపుంచుతారు, ఇడ్లీ ఎప్పుడు తిననిస్తారు అని నర్సును నిలదీస్తుంటాడు. వీటికి తోడు తెల్లకోటు కనిపించగానే ఎగబాకే బీపీ. ఇంట్లో బుద్ధిగా ఉండే బీపీ ఆసుపత్రి గుమ్మంలో పెరిగితే, దాని పేరు చెప్పి ఆపరేషన్ వాయిదా. వాయిదా పడిందన్న దిగులుతో మర్నాడు అది ఇంకాస్త పెరిగితే తప్పు ఎవరిదనాలి?

‘పోనీ, ఏదైనా బయటపడితే మంచిదే కదా, సేఫ్‌సైడు’ అనేవాళ్ళది చిన్న వాదమేమీ కాదు. అందుకే అమెరికా, కెనడాల్లో తొమ్మిది కేంద్రాలు దాన్ని సూటిగా పరీక్షకు పెట్టాయి. 19 వేలకు పైగా శుక్లం ఆపరేషన్లను చీటీలు వేసినట్టు రెండు భాగాలు చేసి, ఒక భాగానికి ముందస్తు ఈసీజీ, రక్తపరీక్షలు మామూలుగా చేయించారు, రెండో భాగానికి చేయించలేదు. 2000లో ఫలితాలు వచ్చాయి. వైద్యపరమైన ఇబ్బందులు ఇటు వెయ్యికి 31.3, అటు కూడా వెయ్యికి 31.3. దశాంశ స్థానం దాకా ఇంత పొందికగా కుదిరిన తీర్పు వైద్యంలో అరుదు. ఇది అన్ని ఆపరేషన్లకూ వర్తించే తీర్పు కాదు, ఒప్పుకోవాలి. మత్తిచ్చి పొట్ట కోసే పని వేరు, కంటికి తిమ్మిరిచ్చి పొర తీసే పని వేరు. పైగా పరీక్షలు వద్దన్న వర్గంలో కూడా కొత్తగా ఆయాసమో నొప్పో ఉందని చెప్పినవాళ్ళకు పరీక్ష చేయించారు. అసలు కిటుకు అక్కడుంది. వాళ్ళు మానేసింది పరీక్షను కాదు, కారణం లేని పరీక్షను. ఇంత తేలాక లోకం మారిందా అంటే, 2015లో అమెరికాలోనే నాలుగు లక్షల నలభై వేల పైచిలుకు వృద్ధుల రికార్డులు తిరగేస్తే, శుక్లం ఆపరేషన్‌కు ముందు నెలలో 53 శాతానికి ఏదో ఒక పరీక్ష జరిగింది. ఎవరికి జరిగిందన్నది రోగి ఒంట్లోని జబ్బును బట్టి కంటే, కంటి డాక్టరు ఎవరన్నదాన్ని బట్టే ఎక్కువగా తేలింది.

డాక్టర్ల వైపు నుంచి ఇంకో మాట వినిపిస్తుంది: కేసు పడితే మమ్మల్ని కాపాడేవాళ్ళెవరు? 1995లో సుప్రీంకోర్టు వైద్యసేవలను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చినప్పటి నుంచి ఈ భయానికి ఆధారం ఉంది. కానీ ఫైలు లావుగా ఉంటే కవచం అవుతుందనుకోవడంలోనే తిరకాసుంది. చేయించని పరీక్ష గురించి వాదించవచ్చు. చేయించి, తేడా వచ్చి, ఎవరూ చదవక ఫైల్లో కుట్టేసిన రిపోర్టు గురించి ఏం వాదిస్తారు? అవతలి వకీలుకు అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం మన దేశానిదే. మనవాళ్ళు చెకప్పులకు పోరు, ఆపరేషన్ పుణ్యాన షుగరు ఉందని తెలిసేవాళ్ళు ఎందరో. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే లెక్కన దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు పది కోట్ల పైమాటే. దీన్ని కాదనను. షుగరు, బీపీ చూడండి, నెత్తురు తక్కువగా కనిపించే మనిషికి హిమోగ్లోబిన్ చూడండి. వాటి వెనక ‘ఇది తేలితే ఫలానాది చేస్తాం’ అనే లెక్క ఉంది. బీటీ సీటీ వెనక ఏముంది? చెవి తమ్మెకో వేలికో సూది గుచ్చి, కారే రక్తాన్ని అరనిమిషానికోసారి కాగితంతో అద్దే ఈ బీటీ పద్ధతి 1910 నాటిది. రక్తస్రావం చరిత్ర లేనివాళ్ళలో ఆపరేషన్ ముందు దీనివల్ల ఒరిగేదేమీ లేదని అమెరికా పాథాలజిస్టుల సంఘాలు 1998లోనే చెప్పేశాయి. మన చిట్టాల్లో అది ఇంకా పెద్దముత్తయిదువలా పీట వేసుక్కూర్చుంది. పన్ను పీకించుకున్నప్పుడు రక్తం ఎంతసేపటికి ఆగింది, కాన్పులో ఇబ్బంది అయిందా, ఆస్పిరిన్ వాడుతున్నారా అని మూడు ముక్కలు అడిగితే అంతకంటే ఎక్కువ తెలుస్తుంది. రెండంతస్తులు ఆగకుండా ఎక్కగలరా అని అడిగితే గుండె గురించి కొంత తెలుస్తుంది. ఇబ్బందల్లా ఒక్కటే, ఈ ప్రశ్నలకు బిల్లు వేసే కోడ్ లేదు.

కాబట్టి సర్కారువారికి ఒక చౌక సలహా. ల్యాబుకు పంపే చీటీలో ప్రతి పరీక్ష పక్కన ‘ఎందుకు?’ అని ఒక గడి అచ్చు వేయించాలి, అది నింపందే సూది గుచ్చకూడదు. మర్నాటికల్లా కొన్నిచోట్ల ‘రొటీన్’ అని రబ్బరు స్టాంపులు తయారవుతాయి, ఆ సంగతి తెలుసు. అలా స్టాంపు పడిన పరీక్షలన్నిటికీ ఖర్చు ఆసుపత్రే పెట్టుకోవాలని కింద ఇంకో లైను చేర్చితే, ఆ స్టాంపు మీద సిరా ఎన్నాళ్ళు తడిగా ఉంటుందో చూడాలని ఉంది.