రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి, పశ్చాత్తాపం విషయమై

మహారాజశ్రీ భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరు గారి దివ్య సముఖమునకు,
షహీద్ భగత్‌సింగ్ మార్గ్, ముంబయి.

విషయం: ఖరీదైనవి కొన్న తరువాత కలిగే పశ్చాత్తాపాన్ని కొనక ముందే కలిగేలా ఏర్పాటు చేయవలసిందిగా విన్నపం.

సూచిక: తమరు సంతకం చేసిన నోట్లు, మేము సంతకం చేసిన కాగితాలు.

అయ్యా,

ఇది మనకు సంబంధించింది కాదంటూ మీ కార్యాలయంలో ఎవరైనా ఈ ఫైలు వెనక్కి తిప్పుతారేమోనని, పరిధి సంగతి ముందే తేల్చేస్తున్నాను. రెండు రూపాయల నోటు మొదలు ఐదు వందల నోటు దాకా ప్రతిదాని మీదా, ఇంత సొమ్ము ఇస్తానని మాటిచ్చి గవర్నరు సంతకం చేస్తారు. ఒక్క రూపాయి నోటు మీద మాత్రం ఆ సంతకం ఉండదు. అది భారత ప్రభుత్వం నోటు, ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం చేస్తారు. రూపాయి పెట్టి కొన్నదానికి ఏడ్చిన మనిషిని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఏడుపంతా పెద్ద నోట్ల దగ్గరే. కాబట్టి వ్యవహారం పూర్తిగా తమ పరిధిలోనిది.

మాది హైదరాబాదులో ఓ మధ్యతరగతి అపార్ట్‌మెంటు. లిఫ్టు నెలకోసారి ఆగుతుంది గానీ వాయిదాలు ఏ నెలా ఆగవు. ప్రతి ఇంట్లోనూ ఒక వస్తువో ఒక కాగితమో ఉంటుంది. దాని ఊసెత్తగానే భార్యాభర్తల్లో ఒకరు బాల్కనీలోకి వెళ్లిపోతారు. ఆ ఊసులన్నీ కలిపి, పద్దుల వారీగా తమకు నివేదిస్తున్నాను.

మొదటి పద్దు బీమా. మార్చి నెలలో, పన్ను మినహాయింపు కోసం కంగారుపడే ఉద్యోగి ఇంటికి బాబాయి వరసైన ఏజెంటు వస్తాడు. కాఫీ తాగి, పిల్లల చదువులు వాకబు చేసి, ఏడాదికి లక్ష చొప్పున ఇరవై ఏళ్లు కట్టమంటాడు. చివర్లో 36 లక్షల 80 వేలు చేతికొస్తాయంటాడు. కట్టేది 20 లక్షలు, వచ్చేది దాదాపు 37. వినడానికి కమ్మగా ఉంటుంది. వడ్డీ లెక్కలో పెడితే అది ఏడాదికి ఐదున్నర శాతం. అదే లక్ష ఏటేటా పీపీఎఫ్‌లో వేస్తే, ఇప్పుడున్న 7.1 శాతమే చివరిదాకా నిలిచిందనుకుంటే, 44 లక్షలు దాటుతుంది. పోనీ ప్రాణానికి రక్షణ ఉంది కదా అంటే, ఆ ప్రీమియంలో చిన్న వాటాతోనే అంతకు ఎన్నో రెట్ల టర్మ్ పాలసీ దొరుకుతుంది. పన్ను మాటకొస్తే, కొత్త విధానం ఎంచుకున్నవాడికి ఆ మినహాయింపే లేదు. ఇవన్నీ తెలిసేసరికి బాబాయి కాఫీ తాగేసి వెళ్లిపోయి ఉంటాడు.

చట్టం ఊరుకుందా అంటే, లేదు. 2024 ఏప్రిల్ నుంచి పాలసీ పత్రం అందిన 30 రోజుల్లోపు దాన్ని వెనక్కి ఇచ్చేయవచ్చు. స్టాంపు ఖర్చు, వైద్య పరీక్షల ఖర్చు, ఆ కొద్ది రోజుల రక్షణకు అయినది పోను మిగతా సొమ్మంతా తిరిగి ఇవ్వాలి. మరి ఆ 30 రోజులూ ఏమైపోతున్నాయి? బీరువాలో గడిచిపోతున్నాయి. పత్రానికి పసుపు కుంకుమ పెట్టి పట్టుచీరల కింద దాస్తాం. మళ్లీ బయటికి తీసేది ప్రీమియం కట్టలేని ఏడాదే. 2024 అక్టోబరుకు ముందు అమ్మిన ఇలాంటి పాలసీల్లో ఒక్క ఏడాది కట్టి ఆపితే హామీగా వచ్చేది ఏమీ లేదు. రెండేళ్లు కట్టి ఆపితే కట్టినదాంట్లో 30 శాతం. అలా పోగొట్టుకున్నవాడు బాబాయిని నిలదీయగలడా? వచ్చే నెల మేనకోడలి పెళ్లిలో ఆయన పక్కనే కూర్చుని భోంచేయాలి.

బీమా నియంత్రణ సంస్థ మీ హైదరాబాదులోనే ఉంది, ఆటో ఎక్కి వెళ్లి అక్కడ మొరపెట్టుకోండి అని తమరు అనవచ్చు. నిజమే, నానక్‌రామ్‌గూడలోనే ఉంది. అయితే బాబాయిలు లేని చోట ఆ పని మీ ఏలుబడిలోని బ్యాంకులే చేస్తున్నాయి కదా! పదవీ విరమణ సొమ్ము ఫిక్స్‌డ్ డిపాజిట్ వేద్దామని వెళ్లిన మా మూడో అంతస్తు మాస్టారు, ఏటేటా ప్రీమియం కట్టవలసిన పాలసీ పట్టుకుని ఇంటికొచ్చారు. డిపాజిట్ కన్నా ఇది మంచిది మాస్టారూ అని చెప్పింది ఆయన దగ్గర ఎక్కాలు నేర్చుకున్న అమ్మాయే. పాపం, ఆమెకూ నెలవారీ టార్గెట్ ఉంటుంది.

రెండో పద్దు ప్రీ లాంచ్. పునాది గుంటయినా తవ్వని చోట ముప్ఫై అంతస్తుల రంగుల బొమ్మ చూపిస్తారు. బయట చదరపు అడుగు ఏడు వేలుంటే ఇక్కడ నాలుగు వేలే. షరతు ఒక్కటే: మొత్తం ఇప్పుడే కట్టాలి, ఆఫరు ఆదివారంతో సరి. 2016 నాటి రెరా చట్టం మూడో సెక్షన్ ప్రకారం, రిజిస్టరు కావలసి ఉండీ కాని ప్రాజెక్టుకు ప్రకటన ఇవ్వడమే చట్టవిరుద్ధం, ఇక అమ్మకం సంగతి చెప్పేదేముంది. పదమూడో సెక్షన్ ప్రకారం, రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి పుచ్చుకోకూడదు. కొన్నవాళ్లు కట్టిన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖర్చుల కోసమే విడి ఖాతాలో ఉంచాలి. నాలుగు వేలకు కొన్నవాడికి ఈ మూడు రక్షణల్లో ఒక్కటీ దక్కదు. అడుగుకు మూడు వేలు తగ్గించారని వాడు మురిసిపోతాడు. ఆ మూడు వేలకు వాడు అమ్ముకున్నది తన రక్షణనే.

ఇక్కడ మీ బ్యాంకులను మెచ్చుకోకపోతే పాపం. ఇంటి అప్పు కోసం వెళితే రెరా నంబరేది, అనుమతులేవి అని అడిగి పొమ్మంటాయి. ఆ మనిషికి జీవితంలో దొరికిన అతి విలువైన సలహా అదే, పైగా ఉచితంగా. అతను మాత్రం దాన్ని బ్యాంకువాళ్ల చాదస్తం కింద జమకట్టి, ఊళ్లో అరెకరం అమ్మి, భార్య గాజులు కుదువపెట్టి, చాలని దానికి పర్సనల్ లోను తీసి మరీ కడతాడు. ఆపైన అద్దె కడుతూ, వాయిదా కడుతూ, ఆదివారాలు తోటి కొనుగోలుదారులతో కలిసి ఆ ఖాళీ స్థలం ముందు బ్యానరు పట్టుకుని నిలబడతాడు.

మూడో పద్దు బంగారం. ఆడవాళ్ల మీద జోకులేసి దీన్ని దాటేయడం పత్రికల్లో ఆనవాయితీ. నేను లెక్క మాత్రం చెబుతాను. 50 గ్రాముల హారానికి తరుగు, మజూరీ కలిపి 18 శాతం, ఆపైన 3 శాతం జీఎస్టీ వేస్తే కట్టేది దాదాపు 61 గ్రాముల బంగారం ధర. అదే సాయంత్రం మార్చుకోబోతే ఎంత మంచి కొట్టయినా లెక్కగట్టేది 50 గ్రాములకే, రాళ్లుంటే వాటి బరువు తీసేసి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కుతో పాటు నగ మీద ఆరక్షరాల గుర్తింపు సంఖ్య ఉండాలన్న నిబంధనతో స్వచ్ఛతకు భరోసా వచ్చింది. తరుగు ఎంత వేయాలో మాత్రం ఏ ముద్రా చెప్పదు. ముచ్చటపడి మెడలో వేసుకోవడానికి కొంటే అది అలంకారం ఖర్చు, తప్పు పట్టడానికి మనమెవరం? పొదుపు అని పేరు పెట్టి కొన్నప్పుడే ఆ పదకొండు గ్రాములు ముల్లులా గుచ్చుకోవాలి. ధర పెరుగుతున్న ఏళ్లలో గుచ్చుకోదు. అవసరానికి అమ్మబోయిన రోజు గుచ్చుకుంటుంది.

నాలుగో పద్దు త్వరగా ముగిస్తాను, ఎందుకంటే అది తమరికే బాగా తెలుసు. సున్నా శాతం వడ్డీ అనేది అసలు లేదని 2013లో తమ బ్యాంకే తేల్చి చెప్పి, అలాంటి పథకాలు ఆపమంది. ఆ సున్నా ఇప్పుడు నో కాస్ట్ ఈఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని కొట్టువాడు ధరలో తగ్గించినట్టు చూపిస్తాడు. క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం మనవి. రొక్కం పెట్టి కొంటే దొరికే తగ్గింపు ఎగిరిపోవడం కొసరు.

అయ్యా, ఈ నాలుగు పద్దుల్లోనూ చేతులు కాల్చుకున్నవాళ్లు అమాయకులు కారు. వంకాయలు కొనేటప్పుడు ఒక్కొక్కటీ తిప్పి పుచ్చు చూసి, కొసరు వేయించుకునేవాళ్లే. అరవై రూపాయల దగ్గర అంత నిక్కచ్చిగా ఉన్న మనిషి అరవై లక్షల దగ్గర ఎందుకు నోరు మూసుకుంటాడు? వంకాయలు వారానికి రెండుసార్లు కొంటాడు, ఇల్లు బతుక్కి ఒక్కసారి కొంటాడు. అమ్మేవాడు మాత్రం రోజూ అదే అమ్ముతాడు. పైగా కూరల బండి దగ్గర మొహమాటం లేదు. పెద్ద బేరంలో ఎదురుగా బాబాయి ఉంటాడు, పాత విద్యార్థి ఉంటుంది, ఇప్పటికే డబ్బు కట్టేసి తోడు కోసం చూస్తున్న సహోద్యోగి ఉంటాడు. ప్రశ్న అడిగితే అనుమానించినట్టు, ఆలోచిస్తానంటే స్తోమత లేనట్టు. ఆ మర్యాద కాపాడుకోవడానికి ఇరవై ఏళ్లు వాయిదాలు కడతాం.

అప్పుల విషయంలో తమరు కొంత మేలు చేశారు. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకిచ్చే అప్పులకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలన్నారు. వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి నికరంగా ఎంత పడుతుందో అందులో ఉండాలి. యాప్‌లలో తీసుకున్న అప్పును కొద్ది వ్యవధిలో జరిమానా లేకుండా వెనక్కి ఇచ్చే వీలూ కల్పించారు. ఆ దయను కొనుగోళ్లకూ విస్తరించమని మా మనవి. ముసాయిదా మేమే సిద్ధం చేశాం:

1. మూడు నెలల జీతం మించిన ప్రతి కొనుగోలుకూ ఒక్క పేజీ కాగితం ఇవ్వాలి. మొత్తం కట్టేదెంత, రేపే అమ్మితే వచ్చేదెంత, అమ్మినవాడికి ముట్టేదెంత అన్నవి పెద్దక్షరాల్లో ఉండాలి. ఉదాహరణకు 50 లక్షల ఇంటి అప్పు ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు తీసుకుంటే నెలకు 43 వేల పైచిలుకు, మొత్తం కోటీ 4 లక్షలు. ఈ అంకె గృహప్రవేశం శుభలేఖ మీద కూడా అచ్చు వేయించాలి.

2. ఈ రోజే ఆఖరు అని చెప్పిన ప్రతి ఆఫరూ చట్టరీత్యా మరో వారం పొడిగించినట్టే లెక్క.

3. దరఖాస్తులో 'ఇది ఎవరు చూడాలని కొంటున్నారు?' అనే గడి చేర్చాలి. జవాబు 'తోడల్లుడు' అయితే దరఖాస్తు తిరస్కరించాలి.

4. ఏజెంటు బంధువైతే, కమిషను ఎంతో కాఫీ ఇవ్వక ముందే చెప్పాలి.

ఇవి గెజెట్‌లోకి ఎక్కవని మాకూ తెలుసు. నిజం చెప్పాలంటే పై పద్దుల్లో కావలసినంత చట్టం ఇప్పటికే ఉంది. గడువులున్నాయి, పరిమితులున్నాయి, విడి ఖాతాలున్నాయి. అడిగేవాడు లేక అవి పుస్తకాల్లో పడి ఉన్నాయి. కాబట్టి తమరిని అడిగేది ఒక్కటే: బ్యాంకు కౌంటరు దగ్గర డిపాజిట్ అడిగినవాడికి డిపాజిట్ మాత్రమే ఇచ్చేలా కట్టడి చేయండి. మిగతాది మా బాధ్యత.

ఇట్లు,
తమ సంతకమున్న నోట్లు ఖర్చు చేసే ఒక ఖాతాదారు.

ప్రతులు:
1. బీమా నియంత్రణ సంస్థ, హైదరాబాదు: సమాచారం కోసం.
2. రెరా కార్యాలయం: తగు చర్య కోసం.
3. బాబాయి గారు: ఏమీ అనుకోవద్దని మనవి.
4. పాఠకులు: ఈ మధ్య పాలసీ తీసుకుని ఉంటే బీరువా తెరిచి, పత్రం అందిన తేదీ చూడండి. 30 రోజులు దాటకపోతే ఇంకా వెనక్కి ఇచ్చేయవచ్చు. ఫ్లాటుకు అడ్వాన్సు ఇవ్వబోతుంటే ముందు మీ రాష్ట్ర రెరా వెబ్‌సైటులో ఆ ప్రాజెక్టు నంబరు వెతకండి. నంబరు లేకపోతే ఆదివారం ఆఫరును సోమవారానికి పోనివ్వండి.