నేను వీల్ స్టడ్డుని

కారు చక్రం ముందు మోకాళ్ల మీద కూర్చుంటే మీకు నట్లే కనిపిస్తాయి. ఆ నట్ల లోపల, బ్రేకు డ్రమ్ములోంచి బయటికి పొడుచుకొచ్చిన ఉక్కు కడ్డీని నేను. వీల్ స్టడ్డు అంటారు నన్ను. ఇప్పుడు ఇంద్రేశంలో ఒక మెకానిక్ షెడ్డు మూల, మూత తీసేసిన ఇంజిన్ ఆయిల్ డబ్బాలో పడి ఉన్నాను. నాతోపాటు నా తోడబుట్టినవాళ్లు ఇద్దరున్నారు. మూడోవాడి సగం మాత్రమే ఇక్కడుంది. మిగతా సగం ముత్తంగి దగ్గర రోడ్డు మీద ఎక్కడో రాలిపోయింది. అది ఎందుకు రాలిందో మీకు చెప్పాలని ఈ కథ మొదలుపెట్టాను.

నా పుట్టుక గురించి చెప్పడానికి ఎక్కువేం లేదు. మిశ్రమ ఉక్కు తీగను ముక్కలు చేసి, అచ్చులో అదిమి తల కట్టారు. వేడిచేసి, నూనెలో ముంచి గట్టిపరిచారు. మరలు కోయలేదు, రోలర్ల మధ్య నొక్కి తేల్చారు. అలా తేల్చిన మరలకు అలసటను తట్టుకునే బలం ఎక్కువ. నా తల మీద 10.9 అని ముద్ర వేశారు. చదరపు మిల్లీమీటరుకు దాదాపు 1000 న్యూటన్లు, అంటే రమారమి 100 కిలోల లాగుడు పడ్డా తెగను అని దాని అర్థం. నా వ్యాసం 12 మిల్లీమీటర్లు, మరకూ మరకూ మధ్య 1.25 మిల్లీమీటర్లు. ఈ రెండో అంకె గుర్తుపెట్టుకోండి. 1.5 మరలున్న స్టడ్లూ ఇదే లావులో ఉంటాయి. వాటి నట్టు నాకు ఎక్కించబోతే మొదట్లో ఎక్కినట్టే ఎక్కి, ఆ తర్వాత మరల్ని చీల్చేస్తుంది.

నా పని ఏమిటని అడిగితే, చాలామంది కారు బరువు మోయడం అనుకుంటారు. కాదు. కట్టెల మోపును తాడు మోస్తుందా? గట్టిగా అదిమి పడుతుంది, అందుకే కట్టెలు జారవు. నేనూ అంతే. నట్టు బిగించినప్పుడు నేను వెంట్రుకవాసి కంటే తక్కువే సాగుతాను. ఆ సాగుడు వెనక్కి లాగే బలంతో చక్రాన్ని డ్రమ్ముకేసి అదుముతాను. మా కారుకు చెప్పిన 85 న్యూటన్ మీటర్ల బిగింపు దగ్గర నా ఒక్కడి పట్టు సుమారు మూడున్నర టన్నులు. నలుగురం కలిస్తే 14 టన్నులు. కారు బరువు టన్ను కూడా లేదు. ఆ అదుముడు వల్ల పుట్టే రాపిడే చక్రాన్ని కదలనివ్వదు. కారు బరువు ఆ రాపిడి మీద పోతుంది, నా నడుము మీద పడదు. పట్టు సడలిన రోజున మాత్రం చక్రం తిరిగిన ప్రతిసారీ నేను ఒకసారి ఇటు, ఒకసారి అటు వంగాల్సి వస్తుంది. చిన్న కారు చక్రం కిలోమీటరుకు దాదాపు 500 సార్లు తిరుగుతుంది. 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఒక్క చుట్టు వస్తే 80 వేల వంపులు. ఎంత గట్టి ఉక్కైనా వంపుల లెక్క పెరిగేకొద్దీ అలసిపోతుంది.

పట్టున్న రోజుల్లో నేను గర్వంగా బతికాను. మా మొదటి యజమాని పాశమైలారంలో ఒక కంపెనీలో షిఫ్టు పనికి వెళ్లేవాడు. ఇల్లు ఇంద్రేశంలో. తెల్లవారుజామున ఇస్నాపూర్ వైపు లారీల మధ్య నుంచి, రాత్రి షిఫ్టు దిగాక ఖాళీ రోడ్డు మీద, వానాకాలం గుంతల్లో, పండక్కి ఊరెళ్లేటప్పుడు జాతీయ రహదారి మీద, ఎన్ని దెబ్బలు తగిలినా చక్రాన్ని వదల్లేదు. ఆయన చక్రం విప్పినప్పుడల్లా వైరు బ్రష్షుతో డ్రమ్ము ముఖం మీద తుప్పు గీకేవాడు. నట్లను ముందు చేత్తో తిప్పి, తర్వాత ఎదురెదురుగా ఉన్నవాటిని ఒకటి తర్వాత ఒకటి పానాతో బిగించేవాడు. ఆ నాలుగు నిమిషాల ఓపికే నా ఆయుష్షు.

కష్టాలు పంక్చర్ షాపుల్లో మొదలయ్యాయి. అక్కడ గాలి గన్ను ఉంటుంది. నట్టు పెట్టి ట్రిగ్గర్ నొక్కి, అరుపు ఆగేదాకా వదలరు. గన్ను ఎంత బిగించిందో వాళ్లకు తెలియదు. 85 కావాల్సిన చోట 200 పైన పడితే నేను మళ్లీ వెనక్కి రాలేనంత సాగిపోతాను. ఇంకో షాపులో నట్లు సులువుగా తిరగాలని నా మరలకు గ్రీజు పూశారు. అది మంచి చేయడం అనుకుంటారు. కంపెనీ చెప్పిన బిగింపు పొడి మరలకు లెక్కేసింది. గ్రీజుంటే రాపిడి తగ్గి, అదే 85 దగ్గర నా మీద పడే లాగుడు ఎంతో పెరిగిపోతుంది. మరొకరు పానా మీద నిలబడి ఊగారు. ఎవరూ నన్ను అడగలేదు. అడిగినా చెప్పడానికి నాకు నోరు లేదు. అందుకే ఈ మాటలు ఇప్పుడు చెబుతున్నాను.

కారు చేతులు మారింది. కొన్నది ఒక కుర్రాడు. చెడ్డవాడు కాదు. బండంటే ప్రాణం, రోజూ తుడిచేవాడు. చక్రాలు బాడీ అంచుదాకా బయటికి రావాలని, వెనక నుంచి చూస్తే కారు వెడల్పుగా కనపడాలని అతని కోరిక. ఒక షాపులో 10 మిల్లీమీటర్ల అల్యూమినియం స్పేసర్లు కొన్నాడు. నాలుగు రంధ్రాలున్న గుండ్రటి పలక అది. దాన్ని మా మీద తొడిగి, పైన చక్రం పెట్టి, పాత నట్లే బిగించారు. పది నిమిషాల పని.

అప్పుడు నాకేమైందో వినండి. నట్టు నిలవాలంటే కనీసం నా వ్యాసమంత పొడవు, అంటే 12 మిల్లీమీటర్లు, మరల్లో దిగాలి. నా మరలకైతే దాదాపు పది చుట్లు. స్పేసర్ నా పొడవులోంచి 10 మిల్లీమీటర్లు తినేసింది. ఎనిమిది చుట్లు పోయాయి. నట్టు నాలుగైదు చుట్లకే ఆగింది. మూడున్నర టన్నుల పట్టు ఆ నాలుగు మరల మీద పడింది. ఇంకో నష్టమూ జరిగింది. డ్రమ్ము నడుమ ఒక గుండ్రటి అంచు ఉంటుంది. చక్రం నడిమి రంధ్రం దాని మీద కూర్చుంటేనే చక్రం కేంద్రంలో ఉంటుంది. కొన్న స్పేసరుకు అలాంటి అంచు లేదు. చక్రం మా నలుగురి భుజాల మీదే ఊరేగింది. వేగం పెరిగితే బండి వణికేది. కుర్రాడు బ్యాలెన్సింగ్ చేయించాడు. వణుకు పోలేదు. తర్వాత చక్రంలోంచి టకటకమని చప్పుడు మొదలైంది. అది మా కేక. పాటల మోతలో వినపడలేదు.

ఔటర్ దిగి ముత్తంగి వైపు తిరిగిన చోట మా తమ్ముడు తెగాడు. మరో నట్టు మరలు చీల్చుకుని ఊడిపోయింది. మిగిలిన మేమిద్దరం చక్రాన్ని పట్టుకుని ఉండగానే కుర్రాడు బండి ఆపాడు. వేగంలో ఉండగా మేమూ తెగి ఉంటే ఊడిన చక్రం ఎటు దొర్లేదో, ఏ బండి మీద పడేదో ఊహించుకోండి. ఆ దారిలో షిఫ్టు దిగి స్కూటర్ల మీద ఇళ్లకు పోయే మనుషులు ఎంతోమంది.

బండిని ఇంద్రేశం షెడ్డుకు లాక్కొచ్చారు. అక్కడి మెకానిక్ ఉస్తాద్ డ్రమ్ము ముందు కూర్చుని, నా మీద కొత్త నట్టును చేత్తో తిప్పి చూశాడు. సగం దాకా తిరిగి బిగుసుకుంది.

"ఉస్తాద్, ఆ తెగింది ఒక్కటి మార్చుండ్రి. స్పేసర్లు మాత్రం ఉండాలె" అన్నాడు కుర్రాడు.

"ఒక్కటి కాదు తమ్మీ, నాలుగూ మార్చాలె. విరిగింది కండ్లకు కనబడ్తది. సాగింది కనబడదు."

నా గురించే ఆ మాట. నేను విరగలేదు. కానీ నన్ను నమ్మడానికి లేదు. ఒక స్టడ్డు తెగితే మిగతావాటి మీద ఆ భారం పడ్డట్టే. అందుకే ఆ చక్రానికున్న స్టడ్లన్నీ మార్చాలన్నది న్యాయమైన మాట. బాధ కలిగినా నేను ఒప్పుకున్నాను.

ఉస్తాద్ ముందు స్పేసర్లు వద్దనే చెప్పాడు. వెడల్పు కావాలంటే ఆ కారుకు సరిపడే ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ములు కొనుక్కోవడం మంచి తొవ్వ అన్నాడు. చక్రం ఎంత బయటికి జరిగితే బేరింగు మీద అంత ఒత్తిడి, ముందు చక్రాలకైతే స్టీరింగ్ లాగుడు, నిండుగా మనుషులెక్కినప్పుడు టైరు ఫెండరుకు ఒరుసుకోవడం, ఇవన్నీ ఉంటాయని చూపించాడు. కుర్రాడు వినలేదు. "సరే, వేస్తే పద్ధతిగ వేద్దాం" అన్నాడు ఉస్తాద్. ఆ పద్ధతంతా నేను దగ్గరుండి చూశాను.

డ్రమ్ము విప్పి ప్రెస్ ఉన్న షాపుకు తీసుకెళ్లి మమ్మల్ని ఒత్తి తీయించాడు. సుత్తితో కొడితే డ్రమ్ము పగలొచ్చు, బేరింగు పాడవొచ్చు. కొత్త స్టడ్లు 10.9 ముద్ర ఉన్నవే, స్పేసర్ మందమంత పొడవు ఎక్కువున్నవి తెచ్చాడు. నా తల కింద చిన్న గాట్ల పట్టీ ఉంటుంది. డ్రమ్ము రంధ్రంలో నన్ను తిరగనివ్వనిది అదే. కొత్త స్టడ్డుకు ఆ పట్టీ వ్యాసాన్ని కొలిచి పాతదానితో సరిచూశాడు. సన్నమైతే నట్టు తిప్పినప్పుడు స్టడ్డే తిరుగుతుంది, లావైతే రంధ్రం చుట్టూ పగుళ్లొస్తాయి. వెనక ఆసరా పెట్టి, నిటారుగా, తల ఆనేదాకా ప్రెస్‌తో ఒత్తించాడు.

పాత స్పేసర్ పక్కన పడేశాడు. లోపల డ్రమ్ము అంచుకు సరిగ్గా పట్టే రంధ్రం, బయట చక్రానికి పట్టే అంచు రెండూ ఉన్నది తెప్పించాడు. పోత పోసింది వద్దన్నాడు. అదిమి గట్టిపరిచిన అల్యూమినియం దిమ్మెలోంచి మిషన్ మీద కోసిందే కావాలన్నాడు. తుప్పు గీకి, రంగు, నూనె, మట్టి లేకుండా రెండు ముఖాలూ తుడిచాడు. మధ్యలో రంగు పొర ఉన్నా కొన్నాళ్లకు అది నలిగి పట్టు సడలుతుంది. ఒక స్పేసర్ మీద ఇంకోటి ఎప్పుడూ పెట్టొద్దని కుర్రాడికి చెప్పాడు.

నట్ల దగ్గర ఉస్తాద్ చేసిన పని నాకు బాగా నచ్చింది. పాతవి మూతి మూసుకున్న నట్లు. పొడవు స్టడ్డు ఆ మూతకు లోపల తగిలి ఆగిపోతుంది. పానాకు బిగిసినట్టే అనిపిస్తుంది, చక్రం మాత్రం వదులుగానే ఉంటుంది. అందుకని రెండు వైపులా తెరిచి ఉన్న నట్లు తెచ్చాడు. వాటి మూతి ఏటవాలు రిమ్ము రంధ్రం ఏటవాలుకు కలిసిందో లేదో చూశాడు. ఒక్కో నట్టును చేత్తో తిప్పుతూ చుట్లు లెక్కపెట్టాడు. పది దాటాయి. జాకీ మీద ఉండగా ఎదురెదురుగా బిగించి, టైరు నేలకానాక టార్క్ రెంచ్‌తో 85 దగ్గర క్లిక్ మనిపించాడు. గన్ను ముట్టుకోలేదు. "యాభై, వంద కిలోమీటర్లు తిరిగి మళ్లొచ్చి చూపించు" అన్నాడు. కొత్త అతుకు సర్దుకునేటప్పుడు బిగింపు కాస్త తగ్గుతుంది. ఆ రెండో బిగింపు మానేసినవాళ్ల చక్రాలే ఎక్కువగా వదులవుతాయి.

పంపేముందు చట్టం మాటా చెప్పాడు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ మొదట నిర్ణయించినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో, అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని రాశారు. స్పేసర్ కొనేముందే రవాణా కార్యాలయంలో, బీమా కంపెనీలో అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోవాల్సిందన్నాడు. ప్రమాదం జరిగాక అడిగితే లాభం లేదు.

కుర్రాడు వెళ్లిపోయాడు. మేం డబ్బాలో మిగిలాం. పైన చినుకులు పడితే నీళ్లు నిలుస్తాయి. నా మరలమీద ఎర్రటి తుప్పు లేస్తోంది. ఒకప్పుడు మూడున్నర టన్నులు పట్టినవాణ్ని. ఇప్పుడు పిల్లలు ఆడుకోవడానికి తీసి, బరువుందని మళ్లీ డబ్బాలో పడేస్తారు. తుక్కు కొనేవాడు వచ్చి తూకమేసినప్పుడు నన్ను ఏ పేరుతోనూ పిలవడు. ఇనుము అంటాడంతే. కరిగిపోవడానికి నాకు అభ్యంతరం లేదు. ఉక్కు మళ్లీ ఉక్కే అవుతుంది. పనిచేసి అరిగి ఉంటే సంతోషంగా పోయేవాణ్ని. నిర్లక్ష్యం వల్ల సాగిపోయి ఇక్కడికి చేరాను. ఆ బాధ మాత్రం తీరదు.

కారున్నవాళ్లకు నా విన్నపం ఒకటే. స్పేసర్ లేని చక్రమే అన్నిటికంటే క్షేమం. వేయక తప్పదనుకుంటే పొడవు స్టడ్లు, కేంద్రం పట్టే స్పేసర్, సరైన నట్లు, టార్క్ రెంచ్, రెండోసారి బిగింపు, ఇందులో ఒక్కటి తగ్గినా వేయకండి. మీ బండికి ఇప్పటికే స్పేసర్లుంటే ఎన్ని చుట్లకు నట్టు బిగుస్తోందో తెలిసిన మెకానిక్‌తో లెక్కపెట్టించండి. నాలాంటి మరలకు పదికి తక్కువైతే ఆ బండిని ఔటర్ ఎక్కించకండి.