శివారు ఆయకట్టు

తణుకులో మా ఇంట్లో వైఫై ఉంది. ఎక్కడ ఉందని మాత్రం అడక్కండి. హాల్లో పుష్కలంగా ఉంది. పడగ్గది గుమ్మం దాకా వచ్చి అక్కడ కాస్త తటపటాయిస్తుంది. ఇంటికి చిట్టచివర ఉన్న పెరటి గదే నా ఆఫీసు. అక్కడికి రావాలంటే దానికి మొహమాటం.

హైదరాబాదు వాళ్లతో వీడియో మీటింగులో ఉండగా సగం మాటలో బిగుసుకుపోయేవాణ్ణి. నోరు తెరిచి, ఒక కన్ను మూసి, తుమ్ము రాబోయే మొహంతో. నాలుగు నిమిషాల తరవాత మళ్లీ కదిలేసరికి నా నెత్తిన రెండు కొత్త పనులు ఉండేవి.

ఒకరోజు ఈ గోడు వెళ్లబోసుకుంటే నాన్నగారు పేపరు దించకుండానే, "నీది శివారు భూమిరా. శివారుకి నీళ్లెప్పుడు అందాయి గనక!" అన్నారు.

ఆయన 32 ఏళ్లు కాలువల డిపార్టుమెంటులో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేశారు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక డెల్టాకి నీళ్లొచ్చాయి, నీళ్లతో పాటు ఈ తగువూ వచ్చింది. ఎగువవాడు మడి నింపుకుని గట్టు పొర్లిస్తాడు, దిగువవాడు ఆకాశంకేసి చూస్తాడు. మా ఇంట్లో ఎగువ రైతులు ముగ్గురు. ఫోనులో గేమాడే మా అబ్బాయి, సీరియలు చూసే అమ్మ, పాత సినిమాలు చూసే సాక్షాత్తూ నాన్నగారు.

అయినా ఫిర్యాదు వచ్చాక తనిఖీ చెయ్యకపోవడం ఆయన సర్వీసులో లేదు. పాత పుస్తకం తీసి, స్కేలుతో గళ్లు గీసి, ఫోను పట్టుకుని గదిగదికీ తిరిగి రాసుకున్నారు. హాలు: నాలుగు గీతలు. పడగ్గది: రెండు. పెరటి గది: తేమ మాత్రమే.

మొదటి తప్పు తల దగ్గరే దొరికింది. నెట్ అబ్బాయి వైరు అందినచోట రౌటరు పెట్టి వెళ్లిపోయాడు. ఆ చోటు టీవీ బల్ల కింది అర, కొండపల్లి దశావతారాల వెనకాల. "పల్లంలో పెట్టి మెరకకి పారమంటే ఎలా పారుతుందిరా?" అన్నారు. రెండో తప్పు 9 అంగుళాల గోడలు. అవి ఆయన దగ్గరుండి కట్టించినవి కాబట్టి పుస్తకంలోకి ఎక్కలేదు. మూడోది బీరువా. రౌటరుకీ నా గదికీ సరిగ్గా నడుమ, నైరుతి మూల, నిలువెత్తు ఇనుము. గోడైతే కొంత మింగి కొంత వదులుతుంది, ఇనుము వచ్చిన అలని వచ్చినట్టే వెనక్కి కొడుతుంది. "ఇది అడ్డుకట్ట, తీసెయ్యాలి" అని తీర్పిచ్చారు. గృహప్రవేశం నాటి బీరువాని నైరుతి నుంచి కదిపితే పుట్టింటికి వెళ్లిపోతానంది అమ్మ. అమ్మకి 72 ఏళ్లు. పుట్టింట్లో ఇప్పుడెవరూ లేరు. అయినా ఆ మాటకి మా ఇంట్లో ఇంకా విలువుంది.

"మన వైఫై పేరు ఫోనులో రెండుసార్లు కనపడుతోందేమిటిరా?" అని అడిగారు ఆ సాయంత్రం. ఒకటి 5 గిగాహెర్ట్జ్, వేగం ఎక్కువ గానీ గోడలు దాటలేదు, రెండోది 2.4, నెమ్మది గానీ దూరం వెళ్తుంది అని చెప్పాను. "నువ్వు రెండోది పట్టుకో. శివారువాడికి జోరు దేనికి, అందితే చాలు" అన్నారు.

అందింది. అదీ అమ్మ పుణ్యాన. కరెంటు వస్తువులన్నీ ఆగ్నేయంలో ఉండాలని పట్టుబట్టి రౌటరుని వంటింటి అలమరలోకి మార్పించింది. బీరువాని తప్పించుకునే దారి దొరికిందో ఏమో, పొద్దుటినుంచీ నా మొహం కదులుతూనే ఉంది. సరిగ్గా పదకొండు గంటలకి మళ్లీ తుమ్ము మొహం. వంటింట్లోకి పరిగెత్తితే మా ఆవిడ మైక్రోవేవ్ ఓవెన్‌లో పాలు వెచ్చబెడుతోంది. ఓవెన్ పనిచేసేదీ దాదాపు ఆ 2.4 మీదే. దాంట్లోంచి బయటికి జారే అల మనకి హాని చెయ్యనంత కొంచెమే గానీ, పక్కనే ఉన్న వైఫై గొంతు నొక్కెయ్యడానికి చాలు. నాన్నగారు ఒక్క ముక్కలో తేల్చారు: "దొంగ తూము!"

ఇక లాభం లేదని 1,500 రూపాయలు పోసి రిపీటరు కొన్నాను. పెరటి గదిలో ప్లగ్గుకి గుచ్చాను. ఫోనులో నిండా గీతలు, నెట్ మాత్రం సున్నా. నాన్నగారు తల కొట్టుకున్నారు. "ఎత్తిపోతల మోటారు ఎండిన కాలువలో పెడతావట్రా? నీళ్లున్నచోట పెట్టి ఇవతలికి తోడుకోవాలి." నడవలోకి మార్చాను. వచ్చింది, సగం వేగంతో. వినేదీ చెప్పేదీ ఒక్కనోటితోనే కాబట్టి అందులో సగం కాలం వినడానికే పోతుంది.

"రౌటరు నట్టింట్లో, ఎత్తులో ఉండాలి" అని నాన్నగారు ఆఖరి నివేదిక ఇచ్చారు. నట్టిల్లు బ్రహ్మస్థానం, అక్కడ పూచికపుల్ల పెట్టడానికి వీల్లేదని అమ్మ. మూడు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. ఉప్పు కావాలన్నా నా చేత అడిగించుకున్నారు.

నాలుగో రోజు అమ్మే నట్టింట్లో నిలబడి పైకి చూసింది. శ్లాబులో ఉయ్యాల కొక్కెం. "నేల మీద బరువు పెట్టకూడదన్నాను గానీ, గాల్లో వేలాడేదానికి దోషమేముంది? నిన్నూ నీ కొడుకునీ ఊపింది ఇక్కడేగా" అంది.

నెట్ అబ్బాయి వచ్చి గుమ్మాల మీదుగా కొత్త ఫైబరు లాగాడు. "మడత పెట్టకండి బాబాయిగారూ, లోపల ఉన్నది గాజు" అని హెచ్చరించి వెళ్లాడు. అటక మీది పాత ఉట్టి దులిపి, రౌటరుని అందులో కూర్చోబెట్టి, కొక్కేనికి తగిలించాం. యాంటెనాలు ఉట్టిలోంచి పసిపిల్లాడి చేతుల్లా బయటికి వచ్చాయి. పెరటి గదిలో మూడు గీతలు. పుస్తకంలో తేదీ వేసి, "శివారుకి నీరు చేరినది" అని సంతకం పెట్టారు నాన్నగారు. వెనకటికి నీళ్లు అందక పంట పోతే శిస్తు మాఫీ అడిగేవారట. ఇకమీదట "నెట్ లేదు సార్" అని నేను మాఫీ అడగడానికి లేదు.

మొన్నొకసారి మీటింగు మధ్యలో మళ్లీ బిగుసుకుపోయాను. అమ్మ చేతిలో గరిటెతోనే వచ్చి, ఉట్టిని మెల్లగా రెండు ఊపులు ఊపింది. నేను కదిలాను. ఆ 2.4 అల పొడవు 12.5 సెంటీమీటర్లే, జానెడైనా లేదు, యాంటెనా కాస్త జరిగినా లెక్క మారుతుందని నాన్నగారికి చెప్పబోయాను. ఆయన అప్పటికే రాసేశారు:

"కారణం: తెలియదు. తీసుకున్న చర్య: ఉయ్యాల ఊపడమైనది."