పల్లాకు పడ్డ మినుము

మినుము మొక్క తన కథ చెప్పుకునేటప్పుడు 'నేను' అనదు, 'ఈ మొక్క' అంటుంది. అన్ని ఆకుల్లో ఏ ఆకని 'నేను' అనుకోవాలి మరి?

ఈ మొక్క పుట్టింది జోలార్పేట దగ్గర, ఏలగిరి కొండ కనబడే చేలో. బెంగళూరు దారీ సేలం దారీ విడిపోయే జంక్షన్ అది. రైలు కూతలు వింటూనే నాలుగాకులు వేసింది. అప్పుడు దిగింది తెల్లదోమ. మిల్లీమీటరు పురుగు. ఆకు అడుగున కూర్చుని రసం పీల్చి, తన నోట్లోని వైరస్‌ను అక్కడ వదిలిపోయింది. కొన్నాళ్ళకు లేతాకు మీద పసుపు చుక్కలు లేచాయి. చుక్కలు కలిసి మచ్చలయ్యాయి. రైతులు దీన్నే పల్లాకు తెగులంటారు.

లోపలి పోరు మాత్రం ఎవరికీ కనబడలేదు. వైరస్ తన జన్యువుల్ని పని చేయిస్తున్నప్పుడు రెండు పేటల ఆర్‌ఎన్‌ఏ పుడుతుంది. జంట పేట కంటపడితే చాలు, ఈ మొక్కకు అనుమానం. డైసర్ అనే ఎంజైము దాన్ని 21 నుంచి 24 అక్షరాల తుంపులుగా తరుగుతుంది, బెండకాయలు తరిగినట్టు. ఒక్కో తుంపునూ ఆర్గోనాట్ అనే ప్రోటీను పట్టుకుని తిరుగుతుంది. ఆ తుంపుకు జోడీ కుదిరే వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఎదురైతే కోసేస్తుంది. 24 అక్షరాల తుంపులైతే వైరస్ డీఎన్‌ఏ మీదే మిథైల్ ముద్రలు వేయించి దాని నోరు నొక్కుతాయి. దొంగ చొక్కా చింపి, ఆ పేలికతోనే దొంగను వెతకడమన్నమాట.

అయినా ఈ మొక్క ఓడింది. ఈ తరుగుడును అడ్డుకునే ప్రోటీన్లు వైరస్ దగ్గరా ఉన్నాయి.

గెలిచిన మొక్కలూ ఉన్నాయి. 1928లో అమెరికాలో వింగార్డ్ అనే శాస్త్రవేత్త ఒక వింత రాశాడు: వైరస్ సోకిన పొగాకు మొక్కలో కింది ఆకులకు మచ్చలు పడినా, పైన కొత్తాకులు శుభ్రంగా వచ్చాయి. కారణం తెలియడానికి ఏడు దశాబ్దాలు పట్టింది. 1999లో హామిల్టన్, బాల్కోంబ్ అనే శాస్త్రవేత్తలు మొక్కల్లో ఈ తుంపుల్ని పట్టుకున్నారు.

ఈ మొక్క గర్వంగా చెప్పుకునేది మాత్రం మధురై సంగతే. అక్కడి కామరాజ్ విశ్వవిద్యాలయంలో వేలుతంబి, శివప్రసాద్, స్విట్జర్లాండ్‌లోని పూగిన్, హోన్ కలిసి పల్లాకు పడ్డ మినుము మొక్కల మీదే ప్రయోగం చేశారు. వైరస్ జన్యువుల్ని నడిపే ప్రమోటరుకు సరిపోయే జంట పేట ఆర్‌ఎన్‌ఏను తయారుచేసే డీఎన్‌ఏను వాటిలోకి కొట్టారు. మొక్కలు కోలుకున్నాయి. 2003లో అది అచ్చయింది. అక్కడ అక్కచెల్లెళ్ళకు దొరికిన సాయం ఈ చేనిదాకా రాలేదు.

"ఇది పల్లాకు పడింది, పెరికేయమ్మా, పక్కదానికీ పాకుతుంది," అంది అత్త. కోడలు వంగి మొదట్లో పట్టి లాగింది. వేరుబుడిపెలు తడిమన్నుతో సహా పైకొచ్చాయి. గట్టు మీద పడ్డాక కూడా, తడి ఆరేదాకా, కొసాకులో డైసర్ తరుగుతూనే ఉంది.